చర్చ: బెంగళూరు నీటి కష్టానికి వానలు తగ్గడమే కారణమా?

వర్తూరు వాసి
ఫిబ్రవరి దాటకముందే మా అపార్ట్‌మెంట్లలో రెండు బోర్లు ఎండిపోయాయి. సంఘం సమావేశంలో అందరిదీ ఒకటే మాట, వానలు తగ్గిపోయాయని. నాకూ అదే నిజమనిపిస్తోంది. మా మరిది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటాడు. అక్కడ 1970ల నడిమి నుంచి వానలు తగ్గుతూ వచ్చాయి. జలాశయాలను నమ్ముకోలేక 2006లో క్వినానాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం పెట్టుకున్నారు. మనకు ఆ సముద్రం కూడా లేదు. ఇది ఎండు ప్రాంతపు నగరమని ఇకనైనా ఒప్పుకొని, కొత్త భవనాలకు అనుమతులు ఆపాలంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

లెక్కల మాస్టారు
నేను కాదంటాను. బెంగళూరు సగటు వర్షపాతం ఏడాదికి 970 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మా అనంతపురంలో 550 పడితే మంచి ఏడాది అంటాం. 2022లో ఇక్కడ సగటుకు దాదాపు రెండింతలు కురిసింది. ఆ సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. ఏడాదిన్నరకు, 2024 మార్చిలో, దాదాపు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పారు. 2023లో వానలు ముఖం చాటేసిన మాట నిజమే. రాష్ట్రంలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలుగా ప్రకటించారు. కానీ ముందటేడు కురిసిన నీరంతా ఏమైనట్టు? నేలలోకి ఇంకే దారి లేక, వాన నీటిని ఊరి బయటికి మోసే పెద్ద కాలువలైన రాజకాలువల్లో మురుగుతో కలిసి పోయింది.

వర్తూరు వాసి
మాస్టారూ, ఒక తడి ఏడాదిని, ఒక పొడి ఏడాదిని పక్కపక్కన పెడితే వాదన గెలిచినట్టేనా? మనం తాగేది కావేరి. అది నిండాలంటే కొడగులో వాన పడాలి. 2024 అక్టోబరులో ప్రారంభించిన కావేరి నీటి పథకం అయిదో దశ రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇవ్వగలదు, సరే. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు తోడిపోసే నీళ్ళవి. సుప్రీంకోర్టు 2018 తీర్పులో బెంగళూరు తాగునీటికని అదనంగా ఇచ్చింది 4.75 టీఎంసీలు. ఆరో దశ, ఏడో దశ అంటూ ఎంతకాలం పోతాం?

నిత్య కొనుగోలుదారు
12,000 లీటర్ల ట్యాంకరుకు, అయిదు కిలోమీటర్ల లోపైతే, వెయ్యి రూపాయలని 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ధర కట్టింది. ఆ ధరకు తెప్పించుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

అర్కావతి ఒడ్డున
అసలు ప్రశ్నకు జవాబు కావేరిలో వెతికితే దొరకదు, అర్కావతిలో దొరుకుతుంది. కావేరి రాకముందు ఈ నగరాన్ని పోషించింది ఆ చిన్న నదే. దాని మీది హెసరఘట్ట జలాశయం నుంచి 1894లో, తిప్పగొండనహళ్ళి జలాశయం నుంచి 1933లో నీళ్ళు అందాయి. తర్వాత తర్వాత రెంటికీ వరద రావడం మానేసింది. బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ పరిశోధకులు దీని మీద పని చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. పరీవాహక ప్రాంతంలో వాన చెప్పుకోదగ్గంత తగ్గలేదు. లోతైన బోర్లు, నీలగిరి తోటలు ప్రధాన కారణాలని తేల్చారు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. ఒకప్పుడు భూగర్భజలం పైపైనే ఉండేది. వాన వెలిశాక కూడా ఊట వచ్చి వాగులో కలిసేది. బోర్లతో ఆ మట్టం వందల అడుగులు దిగిపోయాక వాగుకు ఊట ఉండదు. పడిన నీటిని ఎండిన నేలే ముందు తాగేస్తుంది. మీ పెర్త్‌లోనూ జరిగింది దాదాపు ఇదే. అక్కడ వాన నిజంగానే తగ్గింది, కానీ సుమారు అయిదో వంతుకు మించి కాదు. జలాశయాల్లోకి వచ్చే నీరు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పడిపోయింది. కాబట్టి వానమాపకం ఒక్కటి చూసి మాట్లాడేవారు రెండు ఊళ్ళలోనూ పొరబడతారు. నీలగిరి నాటడాన్ని కర్ణాటక 2017లో నిషేధించింది. అప్పటికే నాటినవి ఇంకా నిలబడే ఉన్నాయి.

కోలారు ఆడపడుచు
మీ మురుగు గురించి ఎవరూ మాట్లాడరేం? 2018 నుంచి కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం కింద మీరు వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు. మొదటి ఏడాదే మా లక్ష్మీసాగరం చెరువు దగ్గర నురగ తేలింది, కేసు కోర్టుకెక్కింది. పెర్త్ పేరెత్తారు కనుక అడుగుతున్నాను. అక్కడా 2017 నుంచి వాడిన నీటిని భూమిలోకి ఎక్కిస్తున్నారు. ముందు సూక్ష్మ వడపోత, రివర్స్ ఆస్మాసిస్, ఆపైన అతినీలలోహిత కిరణాలు. మాకు పంపేది రెండో దశ శుద్ధితో సరిపెట్టిన నీరు. అబద్ధం ఆడను, చెరువులు నిండాక మా నాన్నగారి బోరులో నీరు పైకి వచ్చింది. టమాటా పండుతోంది. ఆ బోరు నీళ్ళు తాగడం మాత్రం మానేశాం.

లెక్కల మాస్టారు
అమ్మా, మూడో దశ శుద్ధి కావాలన్న మీ మాట న్యాయం. దాని ఖర్చు కూడా నగరమే పెట్టుకోవాలి. 2014 తర్వాత 2025 దాకా ఇక్కడ నీటి ధర పెంచనే లేదు.

వర్తూరు వారికి ఒక లెక్క. ముప్పై నలభై స్థలంలో, అంటే 1,200 చదరపు అడుగుల్లో, ఏడాదికి లక్ష లీటర్లకు పైగా వాన పడుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురి కుటుంబానికి కావలసింది దాదాపు రెండు లక్షలు. సగం ఆకాశం నుంచే వస్తోంది.

వర్తూరు వాసి
ఇల్లు సొంతమైతే. మాది పద్నాలుగు అంతస్తులు. ఒక్క పైకప్పును పద్నాలుగు ఇళ్ళకు పంచండి, మీ లక్ష ఏడు వేలకు దిగుతుంది. అందుకే భవనాలు ఆపమంటున్నాను. వాన తగ్గలేదని మీరు నిరూపించినా, తలకు వచ్చే వాన తగ్గిందిగా!

అర్కావతి ఒడ్డున
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఉన్న పైకప్పు నీటిని, వాకిలి నీటిని వదిలేయకండి. సిమెంటు ఒరలు దించి ఇంకుడు బావి తవ్వించండి. ఇరవై, ముప్పై అడుగులు చాలు. సర్జాపుర వైపు బావులు తవ్వే మన్ను ఒడ్డర్లు ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బేరానికి ఇబ్బంది ఉండదు. నేల ఎక్కడ తాగుతుందో, ఎక్కడ తాగదో సర్వే పరికరాలు తెచ్చేవారికంటే వారికే బాగా తెలుసు.

వర్తూరు వాసి
బావి సంగతి వచ్చే సమావేశంలో పెడతాను. అనుమతులు ఆపాలన్న మాట మాత్రం వదలను. మా గోడ అవతల కొత్త టవర్ కోసం నిన్న రాత్రే బోరు యంత్రం దిగింది.

లెక్కల మాస్టారు
2024 మార్చి నుంచి, నగరానికి నీళ్ళిచ్చే జలమండలి అనుమతి లేకుండా నగరంలో బోరు వేయకూడదు. రేపు పొద్దున్నే వెళ్ళి కాగితం చూపించమనండి.