2016 ఛాలెంజర్ ఇంజిన్ పాత జీపులో: స్టార్టవుతుంది, రెండు సెకన్లకే ఆగిపోతుంది

పాతజీపు (ప్లానో, టెక్సస్):
నమస్కారమండీ. నా 1998 జీప్ రాంగ్లర్‌లో, యాక్సిడెంటయిన 2016 డాడ్జ్ ఛాలెంజర్ నుంచి తీసిన 6.4 లీటర్ల హెమి ఇంజిన్ పెట్టాను. ఏడు నెలల వీకెండ్లు పోయాయి. మా ఆవిడ గరాజ్ వైపు చూడటమే మానేసింది. పాత కార్లు విప్పి అమ్మే యార్డులో ఇంజిన్, దాని కంప్యూటర్, ఇంజిన్ వైరింగ్ వరకే కొన్నాను. స్టార్ట్ కొట్టగానే బ్రహ్మాండంగా అందుకుంటుంది, ఒకటీ రెండూ అనేలోపు ఠక్కున ఆగిపోతుంది. ఫ్యూయల్ ప్రెజర్ సరిగ్గానే ఉంది. ఒక ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చేవాడు) గంటలో అయిపోతుందన్నాడు. లాప్‌టాప్‌తో నాలుగు గంటలు కుస్తీపట్టి ‘ఇది లాక్ అయి ఉంది’ అని చేతులెత్తేశాడు, ఫీజు మాత్రం వదల్లేదు. ఈ కంప్యూటర్ పనికొస్తుందా, పారేయాలా?

వైరింగ్ మామ (హ్యూస్టన్):
ఫ్యూయల్ జోలికి పోకండి. రెండు సెకన్లంటే ఇమొబిలైజరే, అంటే సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ని ఆపేసే దొంగతనం అడ్డుకట్ట. ఆ కారులో తాళంచెవిని గుర్తుపట్టేది ఆర్‌ఎఫ్ హబ్ అనే చిన్న డబ్బా. అది ‘మనవాడే’ అని చెబితేనే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ని నడవనిస్తుంది. మీ జీపులో ఆ మాట చెప్పేవాడు లేడు.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చడం) అనగానే అందరికీ హార్స్‌పవరే గుర్తొస్తుంది. మీలా ఒక బండి ఇంజిన్ ఇంకో బండిలో పెట్టే స్వాప్‌లో ముందు చేయాల్సింది ఆ కంప్యూటర్‌కి పాత కారుని మరిపించడం. ఏబీఎస్, బాడీ కంప్యూటర్, పాత గేర్‌బాక్స్ ఏవీ పలక్కపోతే అది కంగారుపడిపోతుంది. అవి వెతకొద్దని చెప్పాలంటే లోపల రాయాలి. 2015 నుంచి డాడ్జ్ వాళ్ల కంప్యూటర్లు ఓబీడీ సాకెట్ (స్కానర్, లాప్‌టాప్ తగిలించే చోటు) నుంచి మార్చిన ఫైల్ ఎక్కించనివ్వవు. ఊడదీసి పంపితే అన్‌లాక్ చేసిచ్చేవాళ్లున్నారు. అసలు విడిగా అమ్మే హెల్‌క్రేట్ అనే హెమి ఇంజిన్ కిట్‌లో మోపార్ (డాడ్జ్ సొంత విడిభాగాల బ్రాండ్) వాళ్లే అన్‌లాక్ చేసిన కంప్యూటర్ పెట్టారు, అంటే స్వాప్ కష్టం వాళ్లకీ తెలుసు!

ముందు యార్డుకి ఫోన్ చేయండి. ఆ కారు ఇంకా అక్కడే ఉంటే హబ్, బాడీ కంప్యూటర్, తాళంచెవులు అదే కారువి తెచ్చుకోండి. వేరే కారు హబ్ తెస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఆస్టిన్ శీను:
నేను ఈ గొడవంతా పడలేక కంపెనీ కంప్యూటర్ తీసేసి, హోలీ వాళ్లు విడిగా అమ్మే టెర్మినేటర్ ఎక్స్ మ్యాక్స్ అనే ఇంజిన్ కంప్యూటర్ పెట్టేశాను. తాళం లేదు, అడిగేవాడూ లేడు. కానీ చలికాలం పొద్దున స్టార్టింగ్ సరిచేసుకునేసరికి నాకు ఒక సీజన్ పట్టింది. కంపెనీ వాళ్ల కంప్యూటర్ ఉన్నంత సాఫీగా ఇప్పటికీ లేదు, ఒప్పుకుంటాను. మీది 1998 బండి కాబట్టి టెక్సస్‌లో పొగ పరీక్ష టెన్షన్ లేదు, 24 ఏళ్లు దాటినవి అందులోకి రావు. కొత్త బండిలో అయితే నా దారి పట్టొద్దు.

పాతజీపు:
మామా, ఫోన్ చేశాను. కారు పోయిన నెలే క్రషర్‌కి వెళ్లిపోయిందట. తాళంచెవి మాత్రం వాళ్ల ఆఫీసు డ్రాయర్లో ఉంది, ఊరికే ఇస్తామన్నారు. దాన్నేం చేసుకోను! కంప్యూటర్ ప్యాక్ చేశాను, సోమవారం అన్‌లాక్‌కి పంపుతున్నా.

వైరింగ్ మామ:
పంపేముందు లేబుల్ మీదున్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకోండి. తిరిగొచ్చేది మీ డబ్బాయో కాదో తెలుస్తుంది.