అప్‌డేట్: కూలూలా గ్రేట్ వాక్‌లో నీళ్ల సంగతి తేలింది

ఆస్ట్రేలియాలో నూసా నార్త్ షోర్ నుంచి రెయిన్‌బో బీచ్ దాకా ఉండే 102 కిలోమీటర్ల కూలూలా నడకకి మొత్తం నీళ్లు మోసుకెళ్లాలా అని ఇక్కడ అడిగాను. నడక పూర్తయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"బయల్దేరే ముందు పార్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ట్యాంకుల్లో నీళ్లున్నాయో లేదో కనుక్కోండి" అన్న సలహానే పనికొచ్చింది. దారిలో రాత్రి ఆగడానికి బ్రామినీ, డట్గీ, లిటోరియా, కౌరి అని నాలుగు క్యాంపులున్నాయి, వాటిలో వాన నీటి ట్యాంకులు ఉంటాయి. అయితే ఎండల కాలంలో నీళ్లుంటాయన్న గ్యారంటీ లేదు, ఉన్నా మరిగించే తాగాలి. మంట వేయనివ్వరు కాబట్టి గ్యాస్ స్టవ్ తప్పనిసరి. ట్యాంకుల్లో నీళ్లున్నాయని తెలిస్తే ఒక రోజుకి సరిపడా మోస్తే చాలు, బ్యాగు బరువు సగం తగ్గినట్టే.

బండి పర్మిట్ కూడా కావాలా అని జవాబుల్లో చాలా చర్చ జరిగింది. అది బీచ్ మీద వాహనం నడిపేవాళ్లకే. నడిచేవాళ్లకి క్యాంపింగ్ పర్మిట్ ఒక్కటే కావాలి, ముందే బుక్ చేసుకోండి.

దారిలో వచ్చే పూనా లేక్ అనే సరస్సు దగ్గర మాత్రం తొందరపడకండి. ఉత్త ఇసుక మీద అంత దట్టమైన వర్షారణ్యం పెరగడం కళ్లతో చూస్తే గానీ నమ్మలేం. చివర్లో వచ్చే కార్లో శాండ్‌బ్లో అనే పెద్ద ఇసుక మేట మీది ఇసుక మధ్యాహ్నం కాళ్లు కాలుస్తుంది, పొద్దున్నే దాటేయండి.