పునాదిలో చెదలు: ఇల్లంతా డ్రిల్లింగ్ చేయించాలా, పట్టిన చోట మందు కొడితే చాలా?

గోపాలపట్నం ఇల్లు:
మాది పాత గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. ఈ వానలకి బాత్రూమ్ పక్క గోడ మీద, స్కర్టింగ్ పైనుంచి సన్నటి మట్టి చార పాకింది. గీకేస్తే మళ్లీ కట్టేశాయి. ద్వారబంధం తడితే డొల్ల చప్పుడు, పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతోంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఇల్లంతా గచ్చుకి రంధ్రాలు పెట్టాలంటున్నారు. మా మావయ్య ఆ ఒక్కచోట కిరసనాయిలు పోస్తే చాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

సైట్ ఇంజినీర్:
కిరసనాయిలు వద్దండీ. దానికి పైకి కనిపించేవే చస్తాయి. గూడు నేలలో ఉంటుంది, రాణి అక్కడే గుడ్లు పెడుతూ ఉంటుంది. ఒక దారి మూస్తే పునాదిలో ఇంకో పగులు వెతుక్కుంటాయి. అందుకే గోడ వెంట మందు ఎక్కడా తెగకుండా ఉండాలి. కట్టేసిన ఇళ్లకి చెదల నివారణపై భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెప్పేదీ ఇదే: గోడా గచ్చూ కలిసే చోట సుమారు 300 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, మందు ఎక్కించి, సిమెంట్‌తో పూడ్చాలి. బయట ప్లింత్ (గోడ అడుగున ఉండే పునాది అరుగు) చుట్టూ కూడా మందు పోయాలి. డ్రిల్ పెట్టేముందు గచ్చులో పైపులు, వైర్లు ఎటు వెళ్తున్నాయో చూపించండి.

పెరటి బావి, కంచరపాలెం:
ఇంజినీరు గారూ, మీ లెక్క గోడ వరకు సరే. మా బావి ఇంటిగోడకి ఆనుకునే ఉంది, ఆ నీళ్లే తాగుతాం. అంత విషం నేలలోకి పంపి నిశ్చింతగా ఎలా ఉంటాం? మేం బెయిట్, అంటే మందు కలిపిన ఎర, పెట్టించాం. చెదలు దాన్ని తిని గూటికి పంచుతాయి, కుబుసం విడిచేటప్పుడు చస్తాయి. నెలలు పట్టింది, కానీ బావి జోలికి వెళ్లలేదు. అందరికీ డ్రిల్లింగే మందని చెప్పకండి.

సైట్ ఇంజినీర్:
తాగే బావి ఉంటే మీరు చేసిందే సరైన పని, కాదనను. కానీ గోపాలపట్నం వారికి ద్వారబంధం ఇప్పటికే డొల్లయింది. బెయిట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, అది పనిచేసేలోపు మిగతా చెక్క పోతుంది.

అన్నిటికంటే ముందు బాత్రూమ్ లీకేజీ వెతకండి. చెదలకి తడే ప్రాణం. ఆ చెమ్మ అలాగే ఉంచి మందు పోయిస్తే డబ్బు దండగ.

ఇంకొకటి గట్టిగా చెప్తాను. నేలలో పోసే మందు ఇమిడాక్లోప్రిడ్ అయితే చెదలు దాన్ని పసిగట్టలేవు. అందులోంచి నడిచి ఒకదానికొకటి అంటించుకుంటాయి. దానికి పెద్దగా వాసన ఉండదు కాబట్టి పలచగా కలిపినా మనకి తెలియదు. డబ్బా మీద 30.5 ఎస్‌సీ అని ఉండే రకమైతే (30.5 శాతం మందు ఉన్న చిక్కటి ద్రవం) లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు పడాలి. డబ్బా సీలు మీ ముందే తీయించండి, కలిపేటప్పుడు దగ్గరుండండి.

గోపాలపట్నం ఇల్లు:
మాకు బావి లేదు, కుళాయి నీళ్లే. కానీ పక్కింటి వాళ్ల బోరు మా తూర్పుగోడ దగ్గరే ఉంది.

పెరటి బావి, కంచరపాలెం:
అయితే తూర్పు వైపు బయట మందు పోయనివ్వకండి. అటు బెయిట్ పెట్టించి, మిగతా మూడు వైపులా డ్రిల్లింగ్ చేయించండి. పక్కింటి వాళ్లకి ముందే చెప్పండి, వాళ్లు తాగేది ఆ నీళ్లే కదా.

సైట్ ఇంజినీర్:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. తూర్పుగోడని మాత్రం నెలనెలా టార్చ్ వేసి చూసుకోండి.