హన్మకొండలో ఛారిటీ షో: డబ్బు ఎవరి ఖాతాలో వేయించాలి?

అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి. మాది హన్మకొండలో నలుగురు దోస్తుల రాక్ బ్యాండ్. పెద్దాసుపత్రికి రోగుల వెంట వచ్చేవాళ్లు చెట్ల కింద చాప పరుచుకుని, టిఫిన్ డబ్బా తలాపున పెట్టుకుని పడుకుంటారు. వాళ్ల భోజనాల కోసం ఒక షో చేద్దామనుకుంటున్నాం.

మా డ్రమ్మర్‌కు బీటిల్స్ బ్యాండ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ అంటే పిచ్చి. హారిసన్ తన దోస్తు, సితార్ వాయించే రవిశంకర్ అడిగిండని 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజు రెండు షోలు పెట్టిండు కదా. రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్, బాబ్ డిలాన్ వచ్చి వాయించిన్రు. టికెట్ల మీద వచ్చిన 2,40,000 డాలర్ల పైచిలుకు యూనిసెఫ్‌కు పోయింది. రికార్డు, సినిమా సొమ్ము మాత్రం పన్నుల లెక్కలో ఏళ్ల తరబడి ఇరుక్కుంది. పన్ను మినహాయింపు కాగితాలు ముందే చేసుకోలేదు మరి. అంతటోళ్లకే అట్లయితే మేమెంత?

మా గిటారిస్టేమో తన ఫోన్‌పే స్కానర్ పెడదామంటాడు. నాకు భయం. రిజిస్టర్ అయిన ట్రస్టు ఖాతాలోకే నేరుగా వేయిస్తే మేలా? దాతలకు పన్ను మినహాయింపు రసీదు ఎవరివ్వాలి? రాత్రి 10కి స్పీకర్లు ఆపాలని తెలుసు. పోలీసు అనుమతికి ఎన్ని రోజుల ముందు పెట్టుకోవాలి? వేరేవాళ్ల పాటలు వాయిస్తే, ఛారిటీ అయినా లైసెన్సు కట్టాలా? వరంగల్, కరీంనగర్ వైపు ఇట్లాంటి షో చేసినవాళ్లుంటే ముందు ఖాతా సంగతి చెప్పండి, టికెట్లు అచ్చుకు ఇవ్వాలి.