కోబాట్ పెట్టాక కూడా కంచె కావాలా?

పుణే_ఆటోమేషన్: ప్రెస్ షాపుకు 10 కిలోలు ఎత్తే కోబాట్‌తో (మనిషి పక్కనే పనిచేసేలా చేసిన రోబో) సెల్, అంటే రోబో పనిచేసే చోటు, డిజైన్ చేస్తున్నాం. పని: ప్రెస్ నుంచి వచ్చే బ్రాకెట్లు తీసి ట్రేలో పేర్చడం. ప్రెస్‌కు దాని లైట్ కర్టెన్ (చెయ్యి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే కాంతి తెర) వేరే ఉంది. "కంచె అక్కర్లేదనే కదా కోబాట్ కొన్నది" అంటున్నారు కస్టమర్. మా టీమ్ రెండు వర్గాలైంది. మీరేమంటారు?

లైన్_ఇన్‌చార్జ్: కంచె వద్దు. మనిషి తగిలితే అది ఆగిపోతుంది. కంచె, గేటు, గేటు తెరిస్తే రోబోను ఆపే ఇంటర్‌లాక్ అన్నీ పెట్టేదానికి మామూలు రోబోనే కొనొచ్చు, ఇంకా వేగంగా తిరుగుతుంది. యూనివర్సల్ రోబోట్స్ మొదటి కోబాట్ అమ్మింది 2008లో. అప్పటి నుంచీ చిన్న ఫ్యాక్టరీలు వీటిని కొంటున్నది స్థలం కలిసొస్తుందనే.

గ్రిప్పర్_డిజైన్: అన్నా, రోబో ఆగుతుంది సరే, అది పట్టుకున్న బ్రాకెట్ సంగతేంటి? ప్రెస్ ముక్క అంచున బర్, అంటే కోతలో మిగిలిన పదునైన రేకు, ఉంటుంది. కోబాట్ భద్రతకు రాసిన అంతర్జాతీయ పత్రం ఐఎస్ఓ టీఎస్ 15066 ప్రకారం చేతివేళ్ల మీద నొక్కుడు బలం 140 న్యూటన్లు దాటకూడదు. అదే 140ని గుండ్రటి ప్యాడ్ నొక్కితే ఓర్చుకుంటాం, రేకు అంచు నొక్కితే వేలు తెగుతుంది. అందుకే ఆ పత్రం పట్టికలో ఒత్తిడికి (చదరపు సెంటీమీటరు మీద పడే బలానికి) విడిగా హద్దు పెట్టారు. చాలామంది బలం గడి ఒక్కటే చూసి సంతకం పెట్టేస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఇంకో సంగతి, ఆపరేటర్ ట్రే మీదికి వంగితే ముఖం ఎక్కడికొస్తుంది? ముఖానికి రోబో తగలడాన్ని ఆ పత్రం ఒప్పుకోదు. ఒక షిఫ్టంతా షాపులో నిలబడి చూడండి, ఇది క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగులో) కనపడదు.

లైన్_ఇన్‌చార్జ్: వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లకు తగ్గిస్తే?

గ్రిప్పర్_డిజైన్: అది టీచ్ పెండెంట్‌తో (చేతిలో పట్టుకునే కంట్రోల్ ప్యానెల్) రోబోకు కదలికలు నేర్పేటప్పటి హద్దు. అంచు పదునుగా ఉంటే ఆ వేగంలోనూ తెగుతుంది. పైగా సైకిల్ టైమ్ (ఒక్కో ముక్కకు పట్టే సమయం) ప్రెస్‌ను అందుకోదు. నెల తిరక్కుండా ఎవరో పాస్‌వర్డ్ అడిగి వేగం పెంచేస్తారు.

సర్వో_ట్యూనింగ్: నా ఓటు లేజర్ స్కానర్‌కి, మనిషి దగ్గరికొస్తే కనిపెట్టి రోబోను ఆపుతుంది. మనిషి నడకకు ఐఎస్ఓ 13855 (భద్రతా దూరాలు లెక్కించే ప్రమాణం) లెక్క సెకనుకు 1.6 మీటర్లు. రోబో ఆగడానికి అర సెకను పట్టిందంటే ఈలోపు మనిషి 80 సెంటీమీటర్లు లోపలికి వచ్చేస్తాడు. స్కానర్ స్పందించే సమయం, మనిషి ముందుకు చాచిన చెయ్యి దీనికి అదనం. ఆగే సమయానికి కంపెనీ ఇచ్చిన డేటాషీట్ అంకె వాడకండి. రోబోకు బ్రాకెట్ పట్టించి, దాని చెయ్యి పూర్తిగా చాపించి, మీరు నడిపే వేగంలోనే కొలవండి.

లైన్_ఇన్‌చార్జ్: అంత దూరం వదిలితే నా నడకదారి పోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ పోయిన ప్రతిసారీ రోబో ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ ఫోన్ నాకొస్తుంది. ఆ టెన్షన్ డిజైన్ చేసేవాళ్లకు తెలియదు.

గ్రిప్పర్_డిజైన్: ఆ మాట నిజం. అయితే నడకదారి వైపు మాత్రం కంచె కట్టండి, ఆపరేటర్ వైపు స్కానర్ పెట్టండి. ముక్క అంచును కప్పేలా గ్రిప్పర్‌కు (రోబో ముక్కను పట్టుకునే భాగానికి) తొడుగు నేను గీసిస్తాను.

పుణే_ఆటోమేషన్: సోమవారం ఆగే సమయం కొలిచి ఇక్కడ పెడతాను.

లైన్_ఇన్‌చార్జ్: పెట్టండి. పక్కనే సైకిల్ టైమ్ కూడా పెట్టండి, అది చూడకుండా నేను ఒప్పుకోను.