సిన్స్, ఫర్ తేడా పిల్లలకి ఎలా చెప్పాలి?

నమస్తే అండి, మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలకి సాయంత్రం ఇంగ్లీష్ చెప్తున్నా. ఒక పాప నోట్‌బుక్‌లో "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాసింది, పాపం తనేం చేస్తుంది, మనకి 2019 నుంచి అన్నా ఐదేళ్ల నుంచి అన్నా ఒకటే నుంచి, మరాఠీలో పాసూన్ కూడా అంతే. మొదలైన టైమ్‌కి సిన్స్, ఎంతకాలమో చెప్పడానికి ఫర్, ముందు హ్యావ్ బీన్ లివింగ్ రావాలి, ఇక్కడిదాకా ఓకే. కానీ "ఐ లివ్డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అంటే ఇప్పుడు అక్కడ లేనట్టే కదా, మరి ఫర్‌తో అలా పాస్ట్ వాడినప్పుడు "ఐ లివ్డ్ దేర్ సిన్స్ 2019" ఎందుకు తప్పు? పదేళ్ల పిల్లలకి ఎక్కేలా ఉదాహరణలు ఉంటే చెప్పండి ప్లీజ్, వాళ్లు రూల్ బట్టీ పట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.