"తాజా నీటి చేప" ఏందప్పా? ఒక వాక్యం, రెండు తప్పులు

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ బైపీసీ. రాత్రి ఏదో నోట్సు ముందరేసుకుని గట్టిగా చదువుతాంటే ఒక వాక్యం నా చెవిన పడింది. "కొన్ని సముద్రపు చేపలు తాజా నీటికి అలవాటు పడ్డాయి." ఆగమ్మా ఆగు అన్నా. తాజా కూరగాయలు విన్నాం, తాజా వార్తలు విన్నాం, తాజా నీళ్లేంది, పొద్దున పట్టినవి తాజా, నిన్న బిందెలో మిగిలినవి పాతవా? ఇంగ్లీషు "ఫ్రెష్ వాటర్"కి మిషన్ తర్జుమా అని తెలుస్తానే ఉంది. దీనికి మన మాట ఏం రాయాల? మంచినీటి చేప అని చెప్పినా గానీ పాప ఎదురు ప్రశ్న వేసింది, "మంచినీళ్లు ఎవరికి మంచివి నాయనా, మనకా చేపకా?" జవాబు తోచక ఈడికొచ్చినా.

నల్లరేగడి:
మంచినీటి చేపే కరెక్టు. చిన్నప్పుడు భూగోళంలో కొల్లేరు మంచినీటి సరస్సు, పులికాట్ ఉప్పునీటి సరస్సు అనే కదా చదివినాం. ఇంక చర్చేముంది.

పెన్న గట్టు, కడప:
చర్చ ఉంది అన్నా. మంచినీళ్లంటే మన వాడుకలో తాగే నీళ్లు. మా ఊర్లో మంచినీళ్ల బాయి ఒకటి, ఉప్పుబాయి ఒకటి ఉండేవి, రెండిట్లో చేపలున్యాయి, సైన్సు లెక్కన రెండూ మంచినీటి చేపలే. మా జేజికి పరీక్ష ఒకటే, ఆ నీళ్లతో కందిపప్పు ఉడకాల. ఉడికితే మంచివి, లేకుంటే ఎనుములకి. ఎండాకాలంలో హంద్రీలో మడుగు కట్టిన నీళ్లని ఎవరన్నా మంచినీళ్లు అంటారా? అందుకే సప్పనీళ్లు అనేది బాగుంటాది. ఉప్పు లేనివి, అంతే. మంచీ చెడ్డా మాట రాదు.

కోటబురుజు:
మా ఇండ్లల్లో ఉర్దూ కాబట్టి చెప్తాండా, మేం మీఠా పానీ, ఖారా పానీ అంటాం. తీపి, ఉప్పు. "తాజా" పారశీకం నుంచి వచ్చిన మాటే అయినా ఈ అర్థంలో మేమూ వాడం, ఆ నేరం మా మీద పెట్టొద్దు 😀

వేరుశనక్కాయ, అనంతపురం:
మా పక్కన కన్నడమోళ్లదీ అదే దారి, సిహినీరు అంటారు, సిహి అంటే తీపి. అరవమోళ్లది నన్నీరు, అంటే మంచినీరు. అట్ల చూస్తే కన్నడం నాలుకని అడిగింది, తెలుగూ అరవమూ మంచా చెడ్డా అని అడిగినాయి. చేపని మాత్రం ఎవరూ అడగలా.

పాత జువాలజీ:
చేపని అడిగితే ఏం చెప్తాదో నేను చెప్తా, ఇరవై ఎనిమిదేండ్లు ఇదే పాఠం చెప్పి రిటైరైనోణ్ని. లీటరు సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు 35 గ్రాములు. ఎముకల చేప రక్తంలో అందులో మూడో వంతు, అటూ ఇటూ. నదిలో అయితే లీటరుకి అర గ్రాము కూడా ఉండదు సాధారణంగా. ఇప్పుడు ఊరగాయ తలుచుకోండి, మామిడి ముక్కకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుతాది గదా, సముద్రంలో చేప ఆ ముక్క లాంటిది, ఒంట్లో నీళ్లు బయటికి లాక్కుపోతానే ఉంటాయి. దాంతో అది సముద్రాన్నే తాగి, లోపలికొచ్చిన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోస్తా ఉంటాది, ఉచ్చ చానా తక్కువ. నదిలో చేప నానేసిన శనగ లాంటిది. నీళ్లు వద్దన్నా మొప్పల గుండా లోపలికొస్తాయి, కాబట్టి అది దాదాపు నీళ్లు తాగదు, పలచటి ఉచ్చ పోస్తానే ఉంటాది, ఆ ఉచ్చతో పోయే కాస్త ఉప్పుని మళ్లీ మొప్పలతోనే నీళ్లలోంచి ఏరుకుంటాది. అందుకే ఊరికే సముద్రపు చేపని తెచ్చి తుంగభద్రలో వదిలితే చానా రకాలు చస్తాయి. మొప్పల్లో మోటారు తిరగేసి బిగించాల. పాప అడిగింది సరైన ప్రశ్న, వాటికి మంచినీళ్లు మంచివి కావు.

నల్లరేగడి:
"ఉప్పు తిన్నోడు నీళ్లు తాగాల్సిందే" అనే సామెత సముద్రపు చేపకి అచ్చంగా సరిపోయింది సార్, పాపం తాగే నీళ్లలోనూ ఉప్పే.

పెన్న గట్టు, కడప:
కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఒక శ్లోకం ఉంది చూడండి, నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగుతాదో ఎట్ల కనిపెట్టలేమో, కొలువులో ఉన్నోడు సొమ్ము తినేది గూడా అట్లే కనిపెట్టలేమని. పాటలీపుత్రం ఉండేది గంగ ఒడ్డున. సార్ లెక్కన గంగలో చేప నీళ్లే తాగదంట! ఉద్యోగస్తుల సంగతేమో గానీ చేప మీద మాత్రం నింద పడింది.

పాత జువాలజీ:
హహ. సముద్రపు చేప అని రాసుంటే ఉపమానం అతికేది.
సరే, ఎవరూ పట్టుకోని తప్పు ఇంకొకటుంది ఆ వాక్యంలో. "అలవాటు పడ్డాయి". నా దృష్టిలో తాజా కంటే ఇది పెద్ద తప్పు. అలవాటు అనేది ఒక జీవి తన బతుకులోనే చేసుకునేది. కోస్తావాళ్ల పులసని చూడండి, సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, విలస అంటారు, వరద కాలంలో గోదావరికి ఎదురెక్కితే పులస. చేప అదే, మోటారు తిప్పుకునే ఏర్పాటు దానికి పుట్టుకతోనే ఉంది. నీళ్లు మారితే పేరు మార్చిన భాష మనది. పుస్తెలమ్మి అయినా పులస తినాల అనేది గూడా ఆ రెండో పేరుకే, ఇలసకి ఆ సామెత లేదు.
ఆ నోట్సులోది ఇది కాదు, తరాల మార్పు. చల్లటి దేశాల సముద్రాల్లో వీపు మీద మూడు ముళ్లుండే వేలెడంత చేప ఉంది, ఒంటికి రెండు పక్కలా ఎముక పలకల కవచం, ఒక్కో పక్క ముప్పైకి పైగా. మంచుయుగం చివర మంచు కరిగి కొత్త చెరువులు ఏర్పడితే వాటిలోకి ఎక్కి అక్కడే ఉండిపోయినాయి, చానా చెరువుల్లో విడివిడిగా కవచం పోగొట్టుకున్యాయి. అలాస్కాలో లోబర్గ్ అనే చెరువుంది. గాలం వేసేటోళ్లకి వేరే చేపలు పెంచాలని 1982లో మందేసి అందులో ఉన్నవాటిని చంపినారు. తర్వాత సముద్రం నుంచి ఇవి వచ్చి చేరినాయి. 1990లో దాదాపు అన్నీ నిండు కవచంవే, 2001కి అట్లాంటివి నూటికి 11, తక్కువ పలకలవి 75. పదకొండేండ్లే!

వేరుశనక్కాయ, అనంతపురం:
అంత బిరీన ఎట్ల సార్, కొత్త గుణం పుట్టేదానికి వేల ఏండ్లు పట్టదా?

పాత జువాలజీ:
కొత్తగా పుట్టలేదమ్మా. పలకలు తగ్గించే జన్యువు రూపం సముద్రపు మందలోనే అక్కడక్కడా దాగి ఉంది, ఆ జన్యువుని 2005లో గుర్తుపట్టినారు. సముద్రంలో దాంతో లాభం లేదు, చెరువులోకొస్తే అదే కలిసొచ్చింది, కవచానికయ్యే ఖర్చు ఎదుగుదలకి మిగిలిందనేది ఒక వివరణ. ఇంకోటి, తిండి. సముద్రపు తిండిలో డీహెచ్ఏ అనే కొవ్వు దండిగా ఉంటాది, చెరువు తిండిలో తక్కువ. దాన్ని ఒంట్లోనే తయారుచేసుకునే జన్యువు నకళ్లు ఎక్కువున్నవే చెరువుల్లో నిలిచినాయని 2019లో జపానువాళ్లు చూపించినారు. అంటే ఉప్పు గండం ఒక్కటి దాటితే చాలదు, సంగటి దొరకని ఊర్లో గూడా బతకాల.
ఏ ఒక్క చేపా అలవాటు పడలేదు. సరిపోనివి పోయినాయి, సరిపోయినవాటి పిల్లలు మిగిలినాయి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
అందరికీ దండాలు. పాప, నేను కూర్చుని ఇట్ల తిరగరాసినాం: "కొన్ని సముద్రపు చేపల సంతతి, తరాలు గడిచేకొద్దీ మంచినీళ్లలో బతికేటట్టు మారింది." పరిణామం చెందింది అని రాయొచ్చు గానీ పాపకి "చెందింది" నచ్చలేదు, ఆస్తి చెందినట్టుందంట.

పెన్న గట్టు, కడప:
సప్పనీళ్లలో అని రాయొచ్చు గదన్నా.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
పేపరు దిద్దేటోళ్లు ఏ జిల్లా వాళ్లో ఎవరికి తెలుసప్పా, మార్కులు పోతాయి.